సాఫ్ట్‌వేర్‌లో లోపముంటే కంపెనీ కట్టాల్సిందేనా?

"సిస్టమంతా లాకయిపోయింది సార్. పిల్లోడిని పిలిపించి ఫార్మాట్ కొట్టించినాం. ఇప్పుడు కంపెనీ మీద కేసు వేయాల." ఆదోని జిన్నింగ్ మిల్లయినా, అనంతపురం సప్తగిరి సర్కిల్‌లో బట్టల కొట్టయినా, కడపలో ల్యాబయినా ఇదే మాట. కంప్యూటర్లోకి దొంగ చొరబడి, డబ్బిస్తేనే తెరుస్తానని ఫైళ్లకు తాళం వేసే దాడి (ర్యాన్‌సమ్‌వేర్) ఇది. ఫార్మాట్ కొట్టినప్పుడే డిస్క్‌లోని సాక్ష్యం చెరిగి కేసులో సగం పోయింది.

అపోహ: లోపం సాఫ్ట్‌వేర్ కంపెనీది, నష్టం వాళ్లే కట్టాలి.

వాస్తవం: లోపం ఉందంటే చాలదు. దాని గుండానే దొంగ లోపలికొచ్చాడని మీరు రుజువు చేయాలి. అవతలి లాయరు ముందుగా పట్టుకునేవి ఇవే: అప్‌డేట్ వేశారా? దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే దారి, అంటే రిమోట్ డెస్క్‌టాప్ పోర్టు 3389, ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచారా? అది బిల్లున్న అసలు కాపీయేనా? 2017 మే 12న మొదలైన వన్నాక్రై అనే ఇలాంటి దాడిలో మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లూ లాకయ్యాయి. అప్పటికి సపోర్టున్న విండోస్‌లకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చేసింది. ప్యాచ్ వచ్చినా వేసుకోకపోతే మన వాదన నిలవడం కష్టం.

అందుకే డబ్బడిగే నోటు స్క్రీన్ మీద కనబడగానే ల్యాన్ వైరు పీకండి, వైఫై ఆపండి. కంప్యూటర్‌ను మాత్రం ఆపొద్దు, మెమరీలోని ఆనవాళ్లు పోతాయి. స్క్రీన్‌ను ఫొటో తీయండి. రూటర్ లాగ్‌లు (ఎవరెప్పుడు వచ్చారో నమోదయ్యే చిట్టా) త్వరగా చెరిగిపోతాయి కాబట్టి ముందు వాటిని కాపీ చేయించండి. ఫోరెన్సిక్ తెలిసినవాళ్లతో డిస్క్ ఇమేజ్ (డిస్క్‌కు అచ్చు నకలు), హ్యాష్ విలువ (నకలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) తీయించి, పాత డిస్క్‌ను కవర్లో పెట్టి సీలు వేసి, తేదీతో సంతకం చేయండి. పని ఆగకూడదంటే కొత్త డిస్క్ వేసుకోండి. కంప్యూటర్ సాక్ష్యాన్ని కోర్టులో పెట్టేటప్పుడు ఇచ్చే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌లో ఆ హ్యాష్ విలువ ఉండాలి, రెండో భాగంలో నిపుణుడి సంతకం ఉండాలి. సైబర్ దాడులను చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు, దాడి తెలిసిన 6 గంటల్లోపు తెలపాలి.

పాస్‌వర్డ్ బలహీనంగా పెట్టుకున్నామని సిగ్గుపడి దాచేవాళ్లను చూస్తే బాధేస్తుంది. దాచకండి. అది లాగ్‌లో బయటపడితే మీ మిగతా మాటలనూ కోర్టు అనుమానిస్తుంది.

అపోహ: సాఫ్ట్‌వేర్ షరతులకు "ఐ అగ్రీ" నొక్కేశాం, ఇక దారి లేదు.

ఉంది. 2019 వినియోగదారుల చట్టం కింద అన్యాయమైన ఒప్పందాన్ని రాష్ట్ర కమిషన్‌లో సవాలు చేయొచ్చు. సేవాలోపమైతే జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు: చెల్లించిన ధర 50 లక్షలు మించకూడదు, గడువు 2 ఏళ్లు. అయితే సొంత కష్టంతో బతుకుతెరువుకు నడిపే కొట్టుకే ఈ దారి. మిల్లుకు సివిల్ దావాయే, అక్కడ ఒప్పందమే దిక్కు. కంపెనీ బాధ్యత ఏడాది చార్జీకి మించదని ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) కాగితంలో తరచూ రాసి ఉంటుంది. రెన్యువల్ అప్పుడే ఆ వాక్యం మార్పించండి, ప్యాచ్ ఎన్ని రోజుల్లో ఇవ్వాలో రాయించుకోండి.

పేషెంట్ల వివరాలు లీకైతే మొదటి జవాబుదారీ ల్యాబే, సాఫ్ట్‌వేర్ వాళ్లు కాదు. భద్రతలో నిర్లక్ష్యం వల్ల నష్టపోయినవారికి పరిహారం కట్టాలనే ఐటీ చట్టం 43ఏ సెక్షన్ ఇప్పటికి ఉంది. 2023 డేటా రక్షణ చట్టంలోని భద్రతా బాధ్యతలు 2027 మేలో అమల్లోకి వస్తాయి, జరిమానా 250 కోట్ల వరకు. అది ప్రభుత్వ ఖజానాకే చేరుతుంది.

"యూరప్‌లో చట్టమొచ్చిందంట కదా" అంటారు. వచ్చింది. 2026 డిసెంబరు 9 తర్వాత అక్కడి మార్కెట్లోకి వచ్చే సాఫ్ట్‌వేర్‌కు అది వర్తిస్తుంది, అదీ వ్యక్తుల నష్టానికే. దాన్ని పట్టుకుని కర్నూలు కోర్టులో పైసా రాబట్టలేరు.