బిడ్డ టీకా రోజున తల్లికీ ఒక పరీక్ష

గర్భంలో షుగర్ వచ్చిన తల్లికి, కాన్పయ్యాక గ్లూకోమీటర్‌లో అంకె మామూలుగా కనిపించగానే ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. "షుగర్ పోయిందిలే" అంటారు. ఆ అంకె అబద్ధం కాదు. గర్భంలో ఉన్నన్నాళ్లూ మాయ నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లో ఇన్సులిన్‌ను సరిగా పనిచెయ్యనివ్వవు. బిడ్డకు గ్లూకోజ్ బాగా అందాలని శరీరం చేసుకునే ఏర్పాటు అది. చాలామందిలో క్లోమం మరికాస్త ఇన్సులిన్ తయారుచేసి నెట్టుకొస్తుంది. కొందరిలో దానికి అంత శక్తి ఉండదు, అప్పుడే షుగర్ పెరుగుతుంది. మాయ పడిపోగానే ఆ భారం తగ్గుతుంది కానీ, క్లోమంలోని లోటు అలాగే ఉండిపోతుంది. అందుకే వీళ్లకు తర్వాతి కాలంలో టైప్ 2 డయాబెటిస్ వచ్చే ముప్పు మిగతా తల్లులకంటే ఏడు నుంచి పది రెట్లు ఎక్కువని పెద్ద విశ్లేషణలు తేల్చాయి.

మన దేశ మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి తల్లికి కాన్పయ్యాక ఆరు వారాలకు 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి పరీక్ష చెయ్యాలి. పరగడుపున 126, రెండు గంటలకు 200, ఈ రెండిట్లో ఏ అంకెను చేరినా, దాటినా డయాబెటిస్ అనుకోవాలి. రెండు గంటల అంకె 140కీ 199కీ మధ్య ఉంటే ప్రీడయాబెటిస్. నా దృష్టిలో ఈ మధ్య మెట్టు మీద ఉన్నవాళ్లను గుర్తించడమే అన్నిటికంటే విలువైనది. అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం అనే పెద్ద అధ్యయనంలో, గర్భంలో షుగర్ వచ్చిన ఇలాంటి స్త్రీలకు తిండి, నడక, బరువు మీద గట్టి శ్రద్ధతోనైనా, మెట్‌ఫార్మిన్ మాత్రతోనైనా ముప్పు దాదాపు సగం తగ్గింది.

అయినా చాలా దేశాల్లో సగం మంది కూడా ఈ పరీక్షకు రారు. దాన్ని తల్లుల నిర్లక్ష్యం అంటే నేను ఒప్పుకోను. సిజేరియన్ కుట్లు ఇంకా లాగుతూనే ఉంటాయి, రాత్రంతా నిద్ర ఉండదు. ఆ పచ్చి బాలింత ఏమీ తినకుండా ఆటో ఎక్కి, గ్లూకోజ్ నీళ్లు తాగి, చంటిబిడ్డతో రెండు గంటలు ల్యాబ్‌లో కూర్చోవాలి. ఆమె పుట్టింట్లో ఉంటుంది, గర్భంలో చూసిన డాక్టరు మరో ఊళ్లో ఉంటారు.

ఆమె రాలేకపోతే పరీక్షనే ఇంటికి పంపవచ్చు. బ్రిటన్‌లో అలాంటి కిట్ ఇప్పటికే ఉంది. పరగడుపున వేలి నుంచి ఒక చుక్క, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు మరో చుక్క, అంతే. ఫలితం ఆసుపత్రికి చేరుతుంది. ఆ రెండు గంటలూ తల్లి ఏమీ తినకుండా, ఎక్కువ తిరగకుండా ఉండాలి. బిడ్డకు మాత్రం హాయిగా పాలివ్వచ్చు. గ్లూకోజ్ వాంతి అయితే మరో రోజు మళ్లీ మొదలుపెట్టాలి. గ్లూకోజ్ తాగాక వేలి రక్తంలో షుగర్ నరం రక్తంలోకంటే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, ఎక్కువ వచ్చినవాళ్లకు ల్యాబ్‌లో మరోసారి చూడాలి.

మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చేయిస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఆరు వారాలకు చేస్తే ఆ మూడు నెలల్లో సగం గర్భంతో ఉన్న రోజులే. పైగా కాన్పులో రక్తం పోయి కొత్త రక్తకణాలు పుడతాయి, వాటికి చక్కెర అంటేంత వ్యవధి ఉండదు. దాంతో అంకె ఉన్నదానికంటే తక్కువగా రావచ్చు. ఒక్క పరగడుపు పరీక్ష కూడా చాలదు. తిన్నాకే షుగర్ పెరిగేవాళ్లు అందులో దొరకరు.

మన దగ్గర ఖరీదైన కిట్ కోసం ఆగక్కర్లేదు. గర్భిణులకు ఈ పరీక్షను గ్లూకోమీటర్‌తో చెయ్యడానికి మన మార్గదర్శకాలే ఒప్పుకుంటాయి. బిడ్డకు పెంటావాలెంట్ టీకా మొదటి డోసు పడేది కూడా ఆరో వారంలోనే. ఆ టీకా ఏ తల్లీ మర్చిపోదు. టీకా వేసే ఏఎన్ఎం నర్సు అదే పూట తల్లికి గ్లూకోజ్ కలిపి ఇచ్చి, రెండు గంటలకు చుక్క తీసి, అంకెను ఫోన్‌లో డాక్టరుకు పంపితే తల్లికి వేరే ప్రయాణం ఉండదు. అంకె ఎక్కువుంటే ఆ వారంలోనే ఎవరు ఫోన్ చేస్తారో ముందే తేల్చుకోవాలి. లేకపోతే అంకె ఫోన్‌లోనే ఉండిపోతుంది. మామూలుగా వచ్చినా ఒకటి నుంచి మూడేళ్లకోసారి, మళ్లీ గర్భం అనుకున్నప్పుడు తప్పకుండా చూపించుకోవాలి. ఆ తేదీ ఆసుపత్రి ఫైల్లో కాదు, ఆమె ఏ ఊరెళ్లినా వెంట ఉండే బిడ్డ టీకాల కార్డు మీదే రాసివ్వాలి.