పాత పాటల రేడియోలో పాతబడిన గొంతులు

2005 జూన్ 3, శుక్రవారం సాయంత్రం. న్యూయార్క్‌లో 101.1 పెట్టుకుని ఇంటిదారి పట్టినవాళ్లకు ఫ్రాంక్ సినాట్రా పాట వినిపించింది. అది అయిపోగానే స్టేషనే మారిపోయింది. దాదాపు 33 ఏళ్లు పాత పాటలతో నడిచిన డబ్ల్యూసీబీఎస్-ఎఫ్ఎం పోయి, అనౌన్సర్లే లేని ‘జాక్’ అనే స్టేషన్ వచ్చింది.

దీని వెనక ఒక వయసు లెక్క ఉంది. ప్రకటనలు ఇచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది 25 నుంచి 54 ఏళ్ల శ్రోతల్ని. 1956లో 16 ఏళ్ల కుర్రాడికి, స్టేషన్ పాత పాటలకు మారిన 1972లో 32 ఏళ్లు. ఉద్యోగం, కారు, పిల్లలు ఉన్నవాడు, ప్రకటనలకు సరిగ్గా సరిపోయేవాడు. 2005కి అతనికి 65 వచ్చాయి. ఇక అతను పొద్దస్తమానం విన్నా స్టేషన్‌కు రాబడి అంతంతమాత్రమే.

అతని కుర్రతనం నాటి పాటల మీద మాత్రం జనానికి ప్రేమ తగ్గలేదు. ఫైవ్ శాటిన్స్ బృందం 1956లో న్యూహేవెన్‌లోని ఓ చర్చి నేలమాళిగలో రికార్డు చేసిన పాట, ఆ స్టేషన్ టాప్ 500 జాబితాలో ఏళ్ల తరబడి మొదటి స్థానంలో నిలిచింది.

స్టేషన్ మారినందుకు శ్రోతలు గొడవ చేశారు. అప్పటి న్యూయార్క్ మేయర్ బ్లూమ్‌బర్గ్ కూడా మండిపడ్డారు. జాక్‌కు రేటింగ్స్ రాలేదు. 2007 జూలై 12న పాత పేరు తిరిగొచ్చింది కానీ, యాభైల పాటలు దాదాపుగా రాలేదు. డెబ్బైలు, ఎనభైలు ముందుకొచ్చాయి. పాత పాటలను ‘ఓల్డీస్’ అంటే ముసలివాసన వస్తుందని ‘క్లాసిక్ హిట్స్’ అనే పేరు ఇలాంటి చాలా స్టేషన్లకు పాకింది.

ఆ పాటలు పాడినవాళ్ల సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. అదే గాయకుడు అరవై దాటాక కొత్త పాట పాడితే ఈ స్టేషన్లు వేయవు. వాటికి కావలసింది అతని ఇరవై ఏళ్లనాటి గొంతే. ఆ గొంతుకైనా డబ్బు ఇస్తాయా అంటే అదీ లేదు. అమెరికాలో ఎఫ్ఎం, ఏఎం స్టేషన్లు పాట రాసినవాళ్లకు, బాణీ కట్టినవాళ్లకు చెల్లిస్తాయి. పాడినవాళ్లకు చట్టప్రకారం పైసా ఇవ్వక్కర్లేదు. రేడియోలో వస్తే రికార్డులు అమ్ముడవుతాయి, కచేరీలకు జనం వస్తారు అన్నది స్టేషన్ల వాదన. కొత్త రికార్డు లేక, ఊళ్లు తిరిగే ఓపిక లేక ఇంట్లో కూర్చున్న పెద్దాయనకు దానివల్ల ఒరిగేదేమిటి? వివిధ భారతిలో పాడినవారి పేరు చెప్పి పాట వేయడం విని పెరిగినవాళ్లం మనం. 2012 సవరణతో మన చట్టం గాయకులకు రాయల్టీ హక్కు కూడా ఇచ్చింది.

అమెరికాలో 2018లో వచ్చిన చట్టం 1972కు ముందటి రికార్డులకు శాటిలైట్, ఇంటర్నెట్ రేడియోల నుంచి డబ్బు ఇప్పించింది. మామూలు రేడియో జోలికి వెళ్లలేదు. 1967లో ‘సోల్ మ్యాన్’ పాడిన జంటలో ఒకరైన శామ్ మూర్ ఈ హక్కు కోసం అమెరికన్ కాంగ్రెస్ సభ్యులను అడుగుతూనే వచ్చారు. ఆ పాట ఎఫ్ఎంలో వచ్చినప్పుడల్లా డబ్బు, దాన్ని రాసిన ఐజాక్ హేస్, డేవిడ్ పోర్టర్‌ల ఖాతాకే వెళ్లేది. 2025 జనవరిలో, 89 ఏళ్ల వయసులో మూర్ కన్నుమూసేనాటికీ ఆ హక్కు చట్టం కాలేదు.