తిమ్మిరి చెప్పే చిరునామా

ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఈ వ్యాసానికి కారణం. ఆమె కుట్టుపని చేస్తారు. రెండు నెలలుగా రాత్రి రెండు, మూడు గంటల వేళ ఎడమ చేయి తిమ్మిరెక్కి మెలకువ వస్తోందని, లేచి కూర్చుని నాలుగైదుసార్లు విదిలిస్తే సర్దుకుంటోందని, ఎడమ చేయి కాబట్టి గుండెజబ్బేమోనని భయపడి ఈసీజీ తీయించుకుంటే అంతా బాగుందన్నారని, మరి ఈ బాధ దేనివల్లనని అడిగారు. ఈసీజీ తీయించుకుని ఆమె మంచి పనే చేశారు. నేను మాత్రం జవాబుగా ఒక ప్రశ్న రాశాను: తిమ్మిరెక్కే వేళ్ళలో చిటికెన వేలు ఉంటుందా, ఉండదా?

అరచేతి వైపు చర్మాన్ని ప్రధానంగా రెండు నరాలు పంచుకున్నాయి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరం వేలిలో మధ్యవేలి వైపున్న సగం మీడియన్ అనే నరానికి చెందుతాయి. ఉంగరం వేలిలో మిగిలిన సగమూ చిటికెన వేలూ అల్నార్ అనే నరానివి. అంటే రెండు పొలాల మధ్య గట్టులాగా ఒక సరిహద్దు ఉంగరం వేలి నడిమధ్యగా పోతుంది. పైకి మాత్రం అక్కడ ఏ గీతా కనిపించదు. మీడియన్ నరం అరచేతిలోకి రావాలంటే మణికట్టు దగ్గర ఒక ఇరుకు సందులోంచి, వేళ్ళను మడిచే తొమ్మిది కండరతాళ్ళతో కలిసి దూరి రావాలి. నిద్రలో మణికట్టు మడతపడితే ఆ సందులో ఒత్తిడి పెరుగుతుంది. థైరాయిడ్ తక్కువైనవారిలో, గర్భిణుల్లో, షుగరు, కీళ్ళవాతం ఉన్నవారిలో, చేతులతో ఒకే పని గంటల తరబడి చేసేవారిలో నరం అక్కడ తేలికగా నలుగుతుంది. అల్నార్ నరం ఆ సందులోకి పోదు. అది మోచేతి వెనక, ఎముకను ఆనుకుని వస్తుంది. మోచేయి గోడకు కొట్టుకున్నప్పుడు చిటికెన వేలి దాకా కరెంటు కొట్టినట్టయ్యేది ఆ నరానికి దెబ్బ తగిలినందువల్లనే. కాబట్టి చిటికెన వేలిని వదిలేసి మిగిలిన వేళ్ళు తిమ్మిరెక్కితే ముందు మణికట్టును, చిటికెన వేలితో మొదలైతే మోచేతిని, మెడనుంచి చేతి పొడవునా చారలాగా నొప్పి పాకితే మెడ ఎముకల మధ్య నలిగిన నరాన్ని అనుమానిస్తారు.

ఇక్కడ ఉన్న కీలకం ఒక్కటే: బాధ తెలిసే చోటు వేరు, బాధ పుట్టే చోటు వేరు కావచ్చు. చర్మం నుంచి బయలుదేరే ప్రతి నరపు పోగుకూ మెదడు దగ్గర ఒక చిరునామా ఉంటుంది. ఆ పోగును దారిలో ఎక్కడ నొక్కినా మెదడు ఉత్తరం మధ్యలో ఏ ఊళ్ళో డబ్బాలో పడిందో చూడదు, కవరు మీద రాసి ఉన్న చిరునామానే చదువుకుంటుంది. నడుములో డిస్కు జారి నరాన్ని ఒత్తితే పాదం మండుతుంది; ఆ మనిషి నెలల తరబడి పాదానికే నూనెలు రాస్తూ కూర్చుంటాడు. ప్రమాదంలో కాలు తీసేయవలసి వచ్చినవారికి లేని కాలి బొటనవేలు నొప్పి పుట్టడం కూడా ఇలాంటిదే: చిరునామాదారు లేడు, కానీ ఆ పేరున ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. గుండె విషయంలో తికమక ఇంకో రకం. గుండె నుంచి వచ్చే పోగులూ, ఛాతీ నుంచీ చేతి లోపలి వైపు నుంచీ వచ్చే పోగులూ వెన్నుపాములో ఒకే పోస్టాఫీసులో దిగుతాయి. మెదడుకు చేతి నుంచి రోజూ కబుర్లు అందుతాయి, గుండె నుంచి ఎప్పుడో గాని అందవు. అందుకే గుండె పంపిన ఉత్తరాన్ని చేతి ఖాతాలో వేస్తుంది. పిత్తాశయంలో రాయి ఉన్నవారికి కుడి భుజం లాగడానికీ కారణం ఇలాంటిదే. పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే పొర పిండదశలో మెడ దగ్గర పుట్టి, తన నరాన్ని వెంటబెట్టుకుని కిందికి దిగింది. పిత్తాశయం బాధ ఆ పొరను తాకితే ఉత్తరం భుజం పోగులు దిగే మెడ పోస్టాఫీసుకే పోతుంది.

మన భాష కూడా ఈ విషయంలో మనకు కొంత అన్యాయం చేసింది. సెలైన్ పెట్టే నర్సు 'నరం దొరకడం లేదు' అన్నప్పుడు ఆమె చెబుతున్నది రక్తనాళం గురించి. 'నరం పట్టేసింది' అని మనం అనేది చాలాసార్లు కండరం గురించి. గోడల మీద ప్రకటనల్లో కనిపించే 'నరాల బలహీనత' గురించి చెప్పకపోవడమే మర్యాద. అసలైన నరానికి మాత్రం జనంలో ప్రత్యేకమైన మాట లేకుండా పోయింది. తరగతిలో ఒక నరం బొమ్మ, ఒక సిర బొమ్మ పక్కపక్కన గీయించి ఈ తేడా చెప్పే ఉపాధ్యాయులను నేను చాలా కొద్దిమందినే చూశాను.

ఈ చిరునామాల పటాన్ని తెలుసుకోవడానికి ఒక వైద్యుడు తన చేతినే పణంగా పెట్టాడు. లండన్‌లోని నాడీవైద్యుడు హెన్రీ హెడ్ 1903 ఏప్రిల్‌లో తన ఎడమ చేతిలోని స్పర్శనరాలను శస్త్రచికిత్స చేయించి తెగగోయించుకుని, కొసలను మళ్ళీ కుట్టించుకున్నాడు. స్పర్శ పోయిన రోగులను ఎన్ని ప్రశ్నలడిగినా సరైన జవాబు రావడం లేదని ఆయన ఫిర్యాదు. తరువాత నాలుగేళ్ళపాటు ఆయన కేంబ్రిడ్జికి వెళ్ళి కళ్ళు మూసుకుని కూర్చుంటే, రివర్స్ అనే మిత్రుడు దూదితో, సూదితో, వేడి నీటితో, మంచుతో ఆ చర్మాన్ని పరీక్షించి రాసుకునేవాడు. 1908లో అచ్చయిన ఆ నివేదికలోని సిద్ధాంతం నిలవలేదు. కానీ ముందు మొరటు నొప్పి, చాలాకాలానికి గాని సున్నితమైన స్పర్శ తిరిగి రాలేదన్న వారి పరిశీలన ఇప్పటికీ చదవదగినది. తెగిన నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మోచేతి దగ్గర తెగితే వేలికొసకు చేరడానికి ఏడాదికి అటూ ఇటూ పడుతుంది.

మఠం వేసుకుని కూర్చున్నప్పుడు వచ్చే తిమ్మిరికి రక్తం ఆగిపోవడమే కారణమంటారు. అది సగం నిజం. ఆగేది నరానికి తిండి పెట్టే సన్నని నాళాలలోని రక్తం. నరం మీద నేరుగా పడే ఒత్తిడి దానికి తోడవుతుంది. నరపు పోగు గోడలోని పంపులు విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తోడుతూ ఉండాలి. ఆక్సిజన్ తగ్గితే ఆ పని నడవక పోగు మౌనమవుతుంది. కాలు చాపగానే పంపులు మొదలై, గోడ ఇంకా కుదుటపడని ఆ కొద్ది క్షణాలలో పోగులు ఎవరూ తాకకుండానే వాటంతటవే మోగుతాయి. చీమలు పాకినట్టు, సూదులు గుచ్చినట్టు మనకు తెలిసేది ఆ మోతే. కొద్ది నిమిషాలలో తగ్గే ఆ తిమ్మిరి నరం కోలుకుంటున్నందుకు గుర్తు. గంటల తరబడి గొంతుకూర్చుని పనిచేసేవారిలో మోకాలి పక్కన నరం మరీ నలిగితే పాదం పైకి లేవక చెప్పు ఈడ్చుకుంటూ నడవవలసి వస్తుంది; అప్పుడు మర్దనతో కాలం గడపకుండా వైద్యునికి చూపించుకోవాలి.

ఇప్పుడు షుగరు సంగతి. కాలి బొటనవేలి నుంచి బయలుదేరిన స్పర్శపోగు నడుము దగ్గరి తన కణం మీదుగా వెన్నుపాములో పైకి పోయి మెదడు అడుగున ఆగుతుంది. ఇదంతా ఒకే ఒక్క కణం; పొడవు దాదాపు ఒకటిన్నర మీటరు. దాని వంటగది మాత్రం నడుము దగ్గరే ఉంది. అక్కడ తయారైన సరుకులలో వేగంగా పోయేవి రోజుకు 400 మిల్లీమీటర్ల వరకు, నెమ్మదిగా పోయేవి రోజుకు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే ప్రయాణిస్తాయి. రెండో రకం సరుకు బొటనవేలికి చేరడానికి నెలలు పడుతుంది. చివరి ఆయకట్టు రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు: కాలువలో నీరు తగ్గితే ముందు ఎండేది చివరి పొలం. అందుకే షుగరువల్ల వచ్చే మంటలూ మొద్దుబారడమూ రెండు పాదాల వేళ్ళలో ఒకేసారి మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతాయి. అవి మోకాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చేతివేళ్ళకూ తిమ్మిరి మొదలవుతుంది, ఎందుకంటే మోకాళ్ళకు పోయే నరాలూ చేతివేళ్ళకు పోయే నరాలూ దాదాపు ఒకే పొడవు. మా ఇంట్లో షుగరున్న పెద్దవారిని నేను అడిగే ప్రశ్న ఒకటుంది: నడుస్తుండగా కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకుండా నాలుగడుగులు వేశారా? వేసినవారు మంట ఉన్నా లేకున్నా వైద్యునితో పాదాలు పరీక్ష చేయించుకోవాలి. మంట తగ్గిందని సంతోషించడానికి లేదు. ఒక్కోసారి మంట తగ్గడమంటే ఉత్తరాలు రాసే పోగులే చచ్చిపోయాయని అర్థం.

షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలంలో బి12 విటమిన్‌ను తగ్గిస్తుంది. శాకాహారులలో అది ముందే తక్కువగా ఉండవచ్చు. బి12 లోపం చిత్రంగా రక్తం కన్నా ముందు నరాలలో బయటపడవచ్చు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే తూలడం దాని గుర్తులలో ఒకటి, ఎందుకంటే కాళ్ళు ఎక్కడున్నాయో చెప్పే పోగులు పాడైనప్పుడు మనం కళ్ళతో నెట్టుకొస్తాం. ఇక్కడ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ప్రస్తావన తప్పదు. ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారు చేసిన ఫోలిక్ ఆమ్లం రక్తహీనతలో గొప్ప మందు. కానీ బి12 లోపం ఉన్నవారికి అది ఒక్కటే ఇస్తే రక్తం బాగుపడి, నరాలు మాత్రం చెడిపోతూనే ఉంటాయి; రక్తపరీక్ష చూసినవారు జబ్బు నయమైందనుకుంటారు. అలాగే తిమ్మిరనగానే ఎవరికి వారు బి కాంప్లెక్స్ మాత్రలు నెలల తరబడి మింగడం కూడా క్షేమం కాదు. వాటిలోని బి6 మోతాదు మించితే అదే తిమ్మిరిని తెస్తుంది.

నొప్పి లేకపోవడమే ప్రమాదమైన జబ్బు కుష్ఠు. పాలిపోయిన లేదా కాస్త ఎర్రబడిన మచ్చ, దురద లేదు, మంట లేదు, తాకితే తెలియదు: ఇంత నిరపాయంగా కనిపించేదాన్ని పట్టుకుని ఆసుపత్రికి ఎవరు పోతారు? ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసులలో సగానికి పైగా మన దేశంలోనివే. ఈ సూక్ష్మజీవికి చల్లని చోట్లంటే ఇష్టం కనుక చర్మానికి దగ్గరగా ఉన్న నరాలను, ముఖ్యంగా మోచేతి వెనకనున్న ఆ అల్నార్ నరాన్ని ఎంచుకుంటుంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో మందులు ఉచితం, ఆరు నెలలో ఏడాదో వాడితే జబ్బు పోతుంది. పూర్వజన్మ పాపమన్న మాట ఇప్పటికీ వినబడటం సిగ్గుచేటు.

సర్పి గురించిన నమ్మకం మరొకటి. నడుము చుట్టూ పాములాగా చుట్టి తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందంటారు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ వెన్నెముక పక్కన ఒక నరకణాల ముడిలో దాక్కుని, ఏళ్ళ తరువాత ఆ ఒక్క నరం దారిలోనే బయటికి వస్తుంది. ఆ నరం శరీరం మధ్యగీత దగ్గర ఆగిపోతుంది కనుక పొక్కులు సాధారణంగా అవతలి వైపుకు పోవు. అసలు సమస్య పొక్కులకు రెండు మూడు రోజుల ముందే మొదలయ్యే మంట: ఏ పరీక్షలోనూ తేలని ఆ నొప్పి కారణం చర్మం ఎర్రబడ్డాక గాని తెలియదు. పొక్కులు లేచిన 72 గంటలలోపు వైరస్ మందులు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. మంత్రం వేయించడంలో పోయేది ఆ 72 గంటలే.

కొన్నిటికి గంటల లెక్క కూడా ఎక్కువే. ముఖం, చేయి, కాలు ఒకే వైపున హఠాత్తుగా మొద్దుబారడం, మాట తడబడటం, మూతి వంకర పోవడం మెదడుకు సంబంధించినవి. మెదడు నాళంలో అడ్డుపడిన రక్తపు గడ్డను కరిగించే మందు పనిచేసేది సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటలలోపే. అందులోనే స్కాన్ కూడా తీయాలి. కాబట్టి 108కు ఫోన్ చేసి, స్కాన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్ళాలి. పది నిమిషాలలో తనంతట తానే తగ్గిపోయినా వెళ్ళాలి, అసలైన పక్షవాతం ఆ తరువాతి రోజులలోనే ఎక్కువగా వస్తుంది. ఛాతీ బరువు, చెమట, ఆయాసంతో చేయో దవడో లాగితే ఏ వేలికి తిమ్మిరి ఉందో చూస్తూ కూర్చోకూడదు. నడుము నొప్పితో పాటు కూర్చునే భాగమంతా మొద్దుబారి మూత్రం బిగిస్తే అదే రోజు శస్త్రచికిత్స అవసరం కావచ్చు. విరేచనాలో జలుబో తగ్గిన కొద్ది రోజులకు కాళ్ళలో తిమ్మిరి, నీరసం మొదలై రోజురోజుకూ పైకి ఎక్కితే అది గిలాన్-బారీ జబ్బు కావచ్చు. 2025 ఆరంభంలో పుణేలో ఎందరికో వచ్చింది అదే. అది ఊపిరితిత్తులను ఆడించే కండరాల దాకా ఎక్కగలదు. ఇంత అత్యవసరం కాకపోయినా, తిమ్మిరి వారాల తరబడి ఉన్నా, విస్తరిస్తున్నా, గుండీలు పెట్టుకోవడం, కలం పట్టుకోవడం కష్టమవుతున్నా వాయిదా వేయకూడదు.

వైద్యుని దగ్గరికి పోయేముందు కాగితం మీద అరచేతి బొమ్మో పాదం బొమ్మో గీసి, తిమ్మిరి ఉన్నంత మేర రంగు పూసి తీసుకుపోవడం మంచిది. 'చేయంతా' అనే మాట వైద్యునికి ఏమీ చెప్పదు, బొమ్మ చాలా చెబుతుంది. నా పాఠకురాలు గీసి పంపిన బొమ్మలో చిటికెన వేలు తెల్లగా ఉంది, ఉంగరం వేలు సగమే నల్లబడింది. రాత్రి మణికట్టు వంగకుండా పట్టీ వేసుకోమని, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించుకోమని వైద్యులు చెప్పారట.

చివరగా, రిపోర్టులన్నీ నార్మల్ వచ్చినా నొప్పి పోనివారి సంగతి. నరాల వేగాన్ని కొలిచే పరీక్ష లావుపాటి పోగులను మాత్రమే చూస్తుంది. మంటను మోసే సన్నని పోగులు దానికి కనబడవు. మరికొందరిలో పోగులు కూడా బాగానే ఉంటాయి, వాటి సందేశాలను అందుకునే వెన్నుపాము, మెదడు మాత్రం చిన్న సందేశాన్ని పెద్దది చేసుకునే స్థితిలో ఉంటాయి. ఇలాంటి నొప్పికి 2017లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం ఒక ప్రత్యేకమైన పేరే పెట్టింది. 'అంతా నీ భ్రమ' అని ఇంట్లోవారు అనడానికి శాస్త్రంలో ఆధారం లేదు. ఈ రెండు రకాలకూ మామూలు నొప్పి మాత్రలు పెద్దగా పనిచేయవు. అందుకని వైద్యులు అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్, ప్రిగాబాలిన్ వంటివి రాస్తారు. వాటిలో మొదటి రెండూ దిగులుకూ, మూడోది మూర్ఛకూ వాడేవని ఇంటర్నెట్‌లో చదివి, తనకు పిచ్చి అనుకుంటున్నారని కోపం తెచ్చుకుని, నాలుగో రోజున మానేసేవారు చాలామంది. అమిట్రిప్టిలిన్‌ను నొప్పికి ఇచ్చే మోతాదు దిగులుకు ఇచ్చేదానిలో చిన్న భాగమే. దాని ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది.