కాంటియోన్ లాంబిక్ బీరు: అపోహలు - వాస్తవాలు

బెల్జియం రాజధాని బ్రస్సెల్స్‌లోని మిది రైల్వే స్టేషన్ నుంచి పది పదిహేను నిమిషాలు నడిస్తే ఆండర్‌లెక్ట్ పేటలో గూడ్ వీధి వస్తుంది. అక్కడి పాత కట్టడంలో ఉన్న కాంటియోన్ బ్రూవరీలో ఒకే కుటుంబం తరతరాలుగా లాంబిక్ బీరు కాస్తోంది. లాంబిక్ అంటే తోడు (ఈస్ట్) వెయ్యకుండా పులిసే బీరు. ఆన్‌లైన్ రేటింగుల్లో ఈ బ్రూవరీ సీసాలు ఎప్పుడూ పైవరసలోనే ఉంటాయి. అదే సీసాకి మొదటి గుక్కకే మొహం చిట్లించి ఒక్క చుక్క (స్టార్) ఇచ్చి పోయేవాళ్లూ తక్కువేం లేరు. ఇద్దరి మాటల్లోనూ పదేపదే వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: కాంటియోన్ వాళ్లు 1900 నుంచీ బీరు కాస్తున్నారు.

1900లో పాల్ కాంటియోన్ మొదలుపెట్టింది కాచే పని కాదు, కలిపే పని. వేరే బ్రూవరీల నుంచి లాంబిక్ కొని, పీపాల్లో ఊరబెట్టి, పాతదీ కొత్తదీ కలిపి గూజ్‌గా అమ్మేవారు. ఆ రోజుల్లో బ్రస్సెల్స్‌లో అదొక ప్రత్యేకమైన వృత్తి. సొంతంగా కాచడం 1930ల చివర్లో కొడుకులు రాబర్ట్, మార్సెల్ సామగ్రి కొన్నాకే మొదలైంది. తర్వాత మార్సెల్ అల్లుడు జాన్-పియెర్ వాన్ రోయ్ చేతికి వచ్చింది. 1978లో బ్రూవరీని నడుస్తుండగానే మ్యూజియంగా కూడా తెరిచింది ఆయనే. ఇప్పుడు ఆయన కొడుకు జాన్ వాన్ రోయ్ నడుపుతున్నారు. ఇంటిపేరు మారినా కుటుంబం అదే. కలపడమే ఈ ఇంటి మొదటి విద్య అన్నది గుర్తుంచుకోండి. రేటింగుల దగ్గర ఆ మాట మళ్లీ అవసరమవుతుంది.

అపోహ: ఈస్ట్ వెయ్యరు కాబట్టి పనేమీ లేదు, గాలే అంతా చేసుకుంటుంది.

ఈతకల్లు దించినవాళ్లు ఈ మాట అనరు. కుండ ఎప్పుడు కట్టాలి, ఎప్పుడు దించాలి, కుండ గోడకి నిన్నటి మడ్డి ఎంత ఉంచాలి అన్నవే రుచిని తేలుస్తాయి. లాంబిక్‌లోనూ గాలి చేసే పని ఒక రాత్రిదే. దానికి ముందూ వెనకా ఉన్నది మనిషి పని.

ఒక కాపుకి దాదాపు 1,300 కిలోల గింజలు పడతాయి. అందులో 65 శాతం మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. మిగతా 35 శాతం మొలకెత్తించని పచ్చి గోధుమ. వేడినీళ్లు పోస్తూ దీన్ని 45 డిగ్రీల నుంచి మెట్లుమెట్లుగా 72 వరకు తీసుకెళ్తారు. మధ్యలో తెల్లగా, గంజిలా ఉన్న నీటిని కొంత బయటికి లాగి విడిగా మరగబెడతారు. అలా మరిగినప్పుడు అందులోని ఎంజైములు చచ్చిపోతాయి, పిండిపదార్థం పూర్తిగా చక్కెరగా మారకుండా మిగిలిపోతుంది. మామూలు బ్రూవర్ దీన్ని నష్టం అనుకుంటాడు. లాంబిక్‌కి అదే కావాలి. మామూలు ఈస్ట్ తినలేని ఈ ముతక పిండిపదార్థమే పీపాలో మూడేళ్లు బతకాల్సిన సూక్ష్మజీవులకు తిండి. ఈ మెట్టు తొందరగా కానిస్తే బీరు ఏడాదికే పలచబడి, పులుపు తప్ప మరేమీ లేకుండా పోతుంది.

తర్వాత 10,000 లీటర్ల రసాన్ని మూడు నాలుగు గంటలు మరిగిస్తే 7,500 లీటర్లు మిగులుతుంది. దాన్ని అటక మీద, పైకప్పు కింద ఉన్న వెడల్పాటి లోతులేని రాగి తొట్టెలోకి ఎక్కిస్తారు. రాత్రంతా తెరిచి ఉంచితే తెల్లారేసరికి 18-20 డిగ్రీలకు దిగుతుంది. అంతలో గాలిలోని ఈస్టులు, బ్యాక్టీరియా అందులో పడతాయి. అది నెమ్మదిగానే చల్లారాలి, అయినా తెల్లారేలోపే చల్లారాలి. అందుకే కాపు చలికాలానికే పరిమితం, దాదాపు అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా. రాత్రి వేడిగా ఉంటే రసం గోరువెచ్చగా నిలిచిపోయి, అక్కర్లేని బ్యాక్టీరియా ముందు పట్టుకుంటుంది. 2015 నవంబరులో రాత్రులు చల్లబడక కాంటియోన్‌లో కాపు ఆపేయాల్సి వచ్చింది. వాతావరణం మారడం అన్నది వీళ్లకి వార్తల్లో చదివే విషయం కాదు, ఏడాదిలో ఎన్ని కాపులు వేయగలరో తేల్చే లెక్క.

అపోహ: బ్రస్సెల్స్‌లోని సెన్ నది లోయ గాలిలోనే మహత్తు ఉంది, ఇంకెక్కడా ఇలాంటి బీరు రాదు.

గాలి కొంతే. గోడలు, పైకప్పు దూలాలు, ముఖ్యంగా 400-650 లీటర్ల పాత చెక్క పీపాల సందుల్లో స్థిరపడిన జీవరాశి కూడా అంతే ముఖ్యం. వీళ్లు సాలెగూళ్లు దులపకపోవడానికి కారణం ఇదే. పురుగుమందు కొడితే కావలసిన జీవాలూ పోతాయి, అందుకని పండ్ల ఈగల్ని పట్టే పని సాలీళ్లకు వదిలేశారు. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని అలగాష్ బ్రూవరీ 2007లో ఇలాంటి తొట్టె పెట్టి తోడులేని బీరు కాచి చూపింది. రుచి అచ్చం ఇదే కాదు, కానీ పద్ధతి అక్కడా పనిచేసింది.

అపోహ: గాలిలోంచి పడిన క్రిములతో చేసింది కాబట్టి ఆరోగ్యానికి ప్రమాదం.

మొదటి వారాల్లో పేగు బ్యాక్టీరియా జాతివి నిజంగానే పెరుగుతాయి. ఆ దశలో ఎవరూ దాన్ని తాగరు. ఆల్కహాలు, ఆమ్లం పెరిగేకొద్దీ అవి చచ్చిపోతాయి. తర్వాత మూడు నాలుగు నెలలు మామూలు ఈస్ట్ పని చేస్తుంది, ఆపైన వేసవిలో పీడియోకాకస్ అనే బ్యాక్టీరియా పులుపు తెస్తుంది, ఆఖరున బ్రెటనోమైసిస్ అనే అడవి ఈస్ట్ వచ్చి ఏళ్ల తరబడి ఉంటుంది. సీసాకి చేరేసరికి ప్రమాదకరమైన క్రిమి బతికే చోటు కాదది.

అపోహ: హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే ఎండు పూలు) వాసన లేదు, చేదు లేదు. అంటే హాప్స్ వెయ్యలేదు.

మామూలు లాగర్‌లోకంటే ఎక్కువే వేస్తారు, కాకపోతే మూడేళ్లు పాతబడినవి. చేదు పోతుంది, బ్యాక్టీరియాని అదుపులో పెట్టే గుణం మిగులుతుంది. కొత్త హాప్స్‌తో ఇంత మోతాదు వేస్తే పులుపూ చేదూ ఒకదాన్నొకటి పొడుస్తాయి.

అపోహ: పుల్లగా ఉంది కాబట్టి చెడిపోయింది.

ఎక్కువమంది ఒక చుక్క ఇచ్చేది ఇక్కడే. పెరుగు పులుపు వేరు, వెనిగర్ ఘాటు వేరు. లాంబిక్‌లో ప్రధానంగా ఉండాల్సింది మొదటిది, అంటే లాక్టిక్ ఆమ్లం. దానితోపాటు ఎండుగడ్డి, పశువుల కొట్టం, జీను తోలు గుర్తుకొచ్చే వాసన వస్తే అది బ్రెటనోమైసిస్ పని, తప్పు కాదు. నిజంగా తప్పు పట్టాల్సినవి వేరే ఉన్నాయి.

గొంతులో మంట పుట్టే వెనిగర్ ఘాటు ఉంటే పీపాలోకి గాలి దూరిందన్నమాట. చిటికెడు ఉంటే అందమే, మించితే లోపం. గోళ్ల రంగు వాసన కూడా దాని చుట్టమే. నూనెలా, జిగురుగా తీగ సాగుతూ పడితే పీడియోకాకస్ జిగురు ఇంకా విరగలేదని అర్థం. పారబోయకండి, మిగతా సీసాలు ఉంటే కొన్ని నెలలు పక్కన పెట్టండి. బ్రెటనోమైసిస్ ఆ జిగురుని తినేస్తుంది. మింగిన పది సెకన్ల తర్వాత నోట్లో ఎలుకల బోను కంపు లేస్తే మాత్రం అది అసలైన లోపం. గ్లాసులో వాసన చూస్తే దొరకదు, ఎందుకంటే ఉమ్మి తగిలి ఆమ్లం తగ్గాకే ఆ పదార్థం పైకి లేస్తుంది. రేటింగు రాసేముందు ఒక గుక్క మింగి ఆగమనేది అందుకే.

అపోహ: క్రీక్ అంటే తియ్యటి చెర్రీ బీరు.

సూపర్‌మార్కెట్లో దొరికే చాలా క్రీక్‌లు పంచదారతోనో తియ్యటి పండ్ల రసంతోనో చేసినవి, నిజమే. కాంటియోన్ క్రీక్‌లో లీటరుకు దాదాపు 200 గ్రాముల పుల్ల చెర్రీలు పీపాలో వేసి నానబెడతారు. పండులోని చక్కెర మొత్తం పులిసిపోతుంది. రంగు, వాసన, గింజలోంచి దిగే బాదం రుచి మిగులుతాయి, తీపి మిగలదు. ఆప్రికాట్లతో చేసే ఫూ ఫూన్‌కి లీటరుకు 300 గ్రాముల దాకా పడుతుంది. కోరిందపండు జాతి రాస్‌ప్‌బెర్రీలతో రోజే ద గాంబ్రినస్, మెర్లో జాతి నల్ల ద్రాక్షతో సాన్ లాంవినస్ చేస్తారు.

తీపి కలపని సంప్రదాయ గూజ్, క్రీక్‌లకు ‘ఔడ’ (డచ్‌లో పాతది) అన్న మాట 1997 నుంచి ఐరోపా చట్టం రక్షణలో ఉంది. కాంటియోన్ ఆ మాట వాడదు, లేబుల్ మీద ‘నూటికి నూరుశాతం లాంబిక్’ అని వేసుకుంటుంది. ఔడ అని లేదు కాబట్టి ఇది నకిలీ అనుకునేవాళ్లు ఉన్నారు. పొరపాటు.

అపోహ: నురగ గ్యాసు ఎక్కించినందువల్ల వస్తుంది.

గూజ్‌లో ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లు కలుపుతారు. ఏడాది దానిలో ఇంకా చక్కెర ఉంటుంది, మూడేళ్ల దానిలో రుచి ఉంటుంది. సీసాలో ఆ చక్కెర పులిసినప్పుడు పుట్టేదే గ్యాసు. ఏడాదిది తక్కువైతే గూజ్ చప్పబడుతుంది, ఎక్కువైతే తెరవగానే సగం నేల మీదే. ఏ పీపా దేనికి తోడవుతుందో నాలుకతో చూసి తేల్చాలి, దానికి సూత్రం లేదు. ఇక గ్రాండ్ క్రూ బ్రుఓక్సెల్లా కలపని మూడేళ్ల లాంబిక్. దానిలో బుడగలు ఉండకూడదు. ‘గ్యాసు పోయిన సీసా అంటగట్టారు’ అని రెండు చుక్కలిచ్చి రాసే రివ్యూలు ఎక్కువగా ఈ పాపం బీరుకే పడతాయి.

అపోహ: 4.5 రేటింగు ఉన్న బీరు 4.0 ఉన్నదాని కంటే మంచిది.

ముందు ఆ అంకె ఎలా పుడుతుందో చూడాలి. బీర్ అడ్వకేట్ అనే రేటింగు సైటులో చూపుకి 6 శాతం, వాసనకి 24, రుచికి 40, నోట్లో తగిలే తీరుకి 10, మొత్తం అభిప్రాయానికి 20. రేట్‌బీర్ పద్ధతిలో వాసన 10, చూపు 5, రుచి 10, నోటి స్పర్శ 5, మొత్తం అభిప్రాయం 20, కలిపి 50గా ఉండేది. అంటే అక్కడ ‘మొత్తానికి ఎలా ఉంది’ అన్న ఒక్క ప్రశ్నే 40 శాతం లాక్కుపోయేది. అన్‌టాప్‌డ్‌లో విడివిడి గడులేవీ లేవు, పావు చొప్పున పెరుగుతూ అయిదు దాకా ఒకే అంకె. ఈ మూడు అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు.

రెండోది, ఎవరు వేస్తున్నారన్నది. మామూలు గూజ్‌ని ఊరు చూడ్డానికి వచ్చినవాడూ తాగుతాడు, పులుపు పడనివాడూ తాగుతాడు. ఫూ ఫూన్ కోసం నెలలు వెతికి, మూడింతల ధర పెట్టి తెరిచినవాడు అప్పటికే అభిమాని. అందుకని అరుదైనవాటి సగటు దానంతటదే పైకి లేస్తుంది. మా మాటగా చెబితే, ఈ బ్రూవరీ పనితనం పూర్తిగా కనిపించేది గూజ్‌లోనే. పండు లోపాల్ని దాస్తుంది, గూజ్‌లో దాక్కోవడానికి ఏమీ లేదు.

మూడోది, ఏ సీసా అన్నది. ఒకే పేరుతో వచ్చినా ప్రతి మిశ్రమమూ వేరు. 2019లో నింపిన గూజ్, 2022లో నింపిన గూజ్ రెండు వేరే బీర్లు, సైటులో మాత్రం ఒకే పేజీ, ఒకే సగటు. ఏడాది రాయని రివ్యూ కొనేవాడికి ఎందుకూ పనికిరాదు. నింపిన తేదీ కోసం లేబుల్, కార్క్ రెండూ చూడండి.

అపోహ: పాతబడేకొద్దీ అన్నీ మెరుగవుతాయి.

గూజ్ ఇరవై ఏళ్లు కూడా ఉంటుంది. పండ్లవి అలా కాదు. ఆప్రికాట్ పరిమళం మొదటి ఏడాదిలోనే తగ్గడం మొదలై, తర్వాత పులుపొక్కటే నిలుస్తుంది. ఫూ ఫూన్‌ని దాచి అయిదేళ్లకు తెరిచి ‘ఇంతేనా’ అని రాస్తే తప్పు బీరుది కాదు.

అపోహ: బీరు కదా, గడ్డకట్టేంత చల్లగా తాగాలి.

అలా తాగితే పులుపొక్కటే తగులుతుంది. 12 డిగ్రీల దగ్గర పొయ్యండి. ఫ్రిజ్‌లో ఉన్నదైతే అరగంట ముందు తియ్యండి. ముప్పావు లీటరు సీసాకి పైన సోడా మూత, దాని కింద కార్క్ ఉంటాయి. మూత తీశాక కార్క్ తీసే స్క్రూ కావాలి. పడుకోబెట్టి దాచిన సీసాని నిలబెట్టకుండా, బుట్టలో పడుకోబెట్టినట్టే ఉంచి తెరిస్తే అడుగు మడ్డి కదలదు. ఒకే దఫాలో గ్లాసులన్నీ నింపండి. మధ్యలో సీసాని నిలబెట్టి మళ్లీ వంచితే మడ్డి లేచి ఆఖరి గ్లాసు బురదగా దిగుతుంది. ఆ గ్లాసు మీకే వస్తే రేటింగు మాత్రం మొదటి గ్లాసు తాగినవాళ్లని రాయమనండి.