బీరువాలో కప్పులు, ఊళ్లో ఆట: డ్రిల్లు మాస్టారి పనిపై అపోహలు - వాస్తవాలు

చిత్తూరు దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఖోఖో, కబడ్డీ నేర్పిస్తాను. మా పని గురించి రచ్చబండ దగ్గరా స్టాఫ్‌రూములోనూ తరచూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఎన్ని కప్పులు తెస్తే అంత గొప్ప కోచ్.

వాస్తవం: కప్పు కావాల్సిందే. చిత్తూరు మెసానికల్ గ్రౌండులో పోటీలు గెలిచిన పిల్లల సంబరం చూస్తే ఏ మాస్టారికైనా కడుపు నిండుతుంది. కానీ జట్టులోకి వచ్చేది కొందరే. మిగతా పిల్లల సంగతేంటి? అందుకే మా బడిలో ఆడేవాళ్లకే కాదు, అందరికీ కోర్టు వేయడం నేర్పిస్తాను. ఖోఖో కోర్టు పొడవు 27 మీటర్లు, వెడల్పు 16. మూలలు సరిగ్గా కుదిరాయా లేదా అన్నది కంటితో తేలదు. ఎదురెదురు మూలలకు తాడు లాగాలి. రెండు వైపులా 31 మీటర్ల 38 సెంటీమీటర్లు వస్తేనే సున్నం పోయాలి. తేడా వస్తే మేకు పీకి మళ్లీ కొట్టాల్సిందే. ఇది వచ్చిన పిల్లలు పెద్దయ్యాక ఊళ్లో సంక్రాంతి పోటీలకు ఎవరినీ అడుక్కోరు. గీత గీసేదీ విజిల్ ఊదేదీ వాళ్లే. మా పాత విద్యార్థి ఒకడు పాలకేంద్రంలో పని ముగించుకుని, సాయంత్రం తన ఊరి పిల్లల్ని ఆడిస్తున్నాడు. కోచ్ ఎలాంటివాడో తెలియాలంటే, ఆయన బదిలీ అయిపోయిన మూడేళ్లకు ఆ ఊరి మైదానం చూడండి.

అపోహ: బాగా పరిగెత్తేవాడే ఖోఖోకు పనికొస్తాడు.

వాస్తవం: తరిమే జట్టులో ఎనిమిది మంది కూర్చునే ఉంటారు. వీపు మీద చెయ్యి పడి ‘ఖో’ అని వినపడ్డాకే లేవాలి, ముందే లేస్తే ఫౌల్. మునివేళ్ల మీద బరువుంచి, చేతులు నేలకు ఆనించి కూర్చున్న పిల్ల చటుక్కున లేస్తుంది. మడమల మీద చతికిలబడితే ఎంత వేగమున్నా దండగే.  

అపోహ: ఏదో ఒక సర్టిఫికెట్ ఉంటే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఖాయం.

వాస్తవం: కాదు. మండల స్థాయి కాగితంతో పని జరగదు. బడి పిల్లలకు లెక్కలోకి వచ్చేది జాతీయ స్కూల్ గేమ్స్‌లో ఆడితే ఇచ్చే ఫారం-4 అనే సర్టిఫికెట్. తల్లిదండ్రులకు ఈ మాట మొదటి రోజే చెప్పేస్తాను, ఆశపెట్టి ఆడించడం పాపం.

అపోహ: పెద్దమనిషి అయ్యాక ఆడపిల్లకు ఆటలెందుకు?

వాస్తవం: నెలసరి ఆటకు అడ్డు కాదు. నొప్పి ఎక్కువగా ఉన్న రోజు కూర్చోబెడితే చాలు. నిజానికి అమ్మల భయం వేరే ఉంటుంది: చీకటి, బస్సు, దారి. అందుకే ఆడపిల్లల సాధన తెల్లారి బడికి ముందే పెడతాను, వచ్చి చూడమని అమ్మల్ని పిలుస్తాను. ఒకమ్మ గట్టు మీద కూర్చుని చూసి, ‘సార్, మా పాప ఇంత గట్టిగా అరుస్తుందా’ అనడిగింది. మర్నాడు పక్కింటి పాపను కూడా తనే వెంటబెట్టుకొచ్చింది.