ఇంకా కడగని రీలు: పిల్లలకు ఓ ఉత్తరం

పిల్లలూ,

ఫోన్‌లో ఇంత చక్కటి కెమెరా ఉండగా ఇంకా ఫిల్మ్‌తో ఫోటోలు తీయడం ఎందుకని మీలో చాలామందికి అనిపిస్తుంది. అనిపించడం సహజమే. నేనూ ఫోన్‌తో తీస్తాను. మసక వెలుతురులోనైనా, చకచకా కదిలేవాటినైనా, వెంటనే ఎవరికైనా పంపాలన్నా డిజిటల్‌దే పైచేయి. దాన్ని కాదనడం నా ఉద్దేశం కాదు. ఫిల్మ్ దగ్గర మాత్రమే దొరికే ఒక ఆనందం గురించి మీకు చెప్పాలని ఈ ఉత్తరం. మీరు ఫోటో తీసేశారు, అది కెమెరాలో ఉంది, కానీ దాన్ని ఇంకా ఎవ్వరూ చూడలేదు. తీసిన మీరు కూడా చూడలేదు. తీయడానికీ చూడడానికీ మధ్య ఉన్న ఆ కాలం అంటే నాకు ప్రాణం.

ఆ సమయంలో రీలు మీద అసలు ఏముంటుందో తెలిస్తే మీకూ నచ్చుతుంది. ఫిల్మ్ అంటే సన్నటి ప్లాస్టిక్ పట్టీ మీద జెలటిన్ పూత. ఆ జెలటిన్ నిండా కంటికి ఆననంత చిన్న వెండి లవణాల స్ఫటికాలు, ముఖ్యంగా సిల్వర్ బ్రోమైడ్, చల్లినట్టు ఉంటాయి. షట్టర్ తెరుచుకున్న క్షణంలో ఒక స్ఫటికం మీద చాలినంత వెలుతురు పడితే, అందులో ఏ నాలుగైదు వెండి పరమాణువులో విడివడి ఒక చోట చేరతాయి. అంతే. ఆ స్ఫటికంలో వెండి వందల కోట్ల పరమాణువుల లెక్కన ఉంటే, మారినవి ఆ నాలుగైదే! అప్పుడు రీలును బయటికి తీసి ఎంత పరీక్షగా చూసినా బొమ్మ ఆనవాలు కూడా దొరకదు, పైగా చూసిన వెలుతురుకే అది కాస్తా పాడైపోతుంది. డెవలపర్ అనే మందులో ముంచి కడిగాకే సంగతి బయటపడుతుంది. ఆ కాస్త వెండి చేరిన స్ఫటికం మొత్తం నల్లటి వెండిగా మారిపోతుంది, చేరనిది అలాగే ఉండిపోతుంది. వెలుతురు ఎక్కువ పడ్డ చోట నలుపు, పడని చోట తేట. నెగటివ్‌లో అన్నీ తిరగబడి కనిపించేది అందుకే.

బొమ్మ ఇలా కాగితంలో కనపడకుండా దాగి ఉంటుందని, దాన్ని మందుతో బయటికి రప్పించవచ్చని 1840లో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త కనుక్కున్నాడు. అంతకుముందు ఆయన కాగితం మీద బొమ్మ కంటికి కనిపించేదాకా కెమెరాను వెలుతురులో అలా ఉంచేయాల్సి వచ్చేది. ఇక వెలుతురు తగలని లవణాలు మిగిలిపోతాయి కదా, వాటిని తీసేయకపోతే బొమ్మంతా మెల్లగా నల్లబడిపోతుంది. వాటిని కరిగించే గుణం హైపో అనే రసాయనానికి ఉందని జాన్ హెర్షెల్ అనే శాస్త్రవేత్త 1819లోనే గమనించాడు. 1839లో ఫోటోగ్రఫీ లోకానికి తెలిసినప్పుడు ఆ పాత పరిశీలన అక్కరకొచ్చింది. ఇప్పటి ఫిక్సర్ చేసే పనీ అదే.

ఆ దాగిన బొమ్మ ఎంత ఓపిక గలదో చెప్పే ఉదంతం ఒకటి ఉంది. 1897లో స్వీడన్‌కు చెందిన ఆండ్రే, స్ట్రిండ్‌బెర్గ్, ఫ్రెంకెల్ అనే ముగ్గురు హైడ్రోజన్ బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయల్దేరారు. కొద్ది రోజులకే బెలూన్ మంచు మీద దిగిపోయింది. వాళ్లు నెలల తరబడి మంచులో నడిచి, చివరికి ఒక చిన్న దీవిలో చనిపోయారు. ఎక్కడికి పోయారో, ఏమయ్యారో ఎవరికీ తెలియలేదు. 1930లో వాళ్ల అవశేషాలతో పాటు స్ట్రిండ్‌బెర్గ్ తీసిన ఫిల్మ్ కూడా దొరికింది. 33 ఏళ్లు మంచులో నానిన ఫిల్మ్! జాన్ హెర్ట్‌జ్‌బెర్గ్ అనే ఆయన దాన్ని ఎంతో జాగ్రత్తగా డెవలప్ చేస్తే 93 ఫోటోలు వచ్చాయి. మంచు మీద వాలిపోయిన బెలూన్, దాని పక్కన నిలబడి చూస్తున్న ఇద్దరు మనుషులు ఉన్న ఫోటో వాటిలోదే. తీసినవాడు దాన్ని ఎప్పటికీ చూడలేదు. నేను ఆ ఫోటో ముందు ఎప్పుడు కూర్చున్నా లేవబుద్ధి కాదు.

అందుకే ఒక మాట. ఎక్కడైనా పాత కెమెరా చేతికొస్తే వెంటనే వెనక తలుపు తెరవకండి. పైన ఎడమ పక్కన రీలును వెనక్కి చుట్టే చిన్న మర ఉంటుంది, దాన్ని బాణం గుర్తు వైపు నెమ్మదిగా తిప్పి చూడండి. ఊరికే తిరిగితే ఖాళీ. బిగువుగా ఉంటే లోపల రీలు ఉన్నట్టే. దాన్ని పూర్తిగా వెనక్కి చుట్టి, కడిగించండి. ఎవరి ముఖాలు వస్తాయో ఎవరికి తెలుసు!

తీయడానికీ చూడడానికీ మధ్య ఇలా కొంత కాలం ఉండడం వల్ల మనం ఫోటో తీసే తీరే మారిపోతుంది. ఫోన్‌లో అయితే ముందు తీస్తాం, తర్వాత తెర మీద చూసి దిద్దుకుంటాం. ఫిల్మ్‌లో దిద్దుకునే అవకాశం లేదు కాబట్టి ఫోటో ముందు మనసులో తయారు కావాలి. వెలుతురు ఎటు నుంచి వస్తోంది, ముఖం మీద నీడ ఎక్కడ పడుతోంది, వెనకాల ఏ స్తంభం తల మీద మొలిచినట్టు ఉంది అని నొక్కకముందే చూసుకోవాలి. 36 ఫోటోలే ఉన్నాయన్న ఎరుక వల్ల కొన్నిసార్లు కెమెరా ఎత్తి, చూసి, తీయకుండానే దించేస్తాం. అలా దించేయడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. ఇంకొకటి గమనించాను. మనుషుల్ని తీసినప్పుడు వాళ్లు ‘ఏదీ చూపించు’ అని పరుగెత్తుకు రారు, నా ముఖం బాగాలేదు మళ్లీ తియ్యమని అడగరు. క్లిక్ వినపడగానే బిగపట్టిన ముఖం వదులై మామూలుగా అయిపోతుంది. ఇంకో ఫోటో తీస్తే అప్పుడే తీయాలి.

చిన్న నోట్‌బుక్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఎన్నో ఫోటో, అపర్చర్ (లెన్సులో వెలుతురు దూరే రంధ్రం) ఎంత, షట్టర్ వేగం ఎంత, ఏం వస్తుందని అనుకున్నారు, ఈ నాలుగూ రాసుకోండి. నెగటివ్‌లు వచ్చాక పక్కన పెట్టుకుని చదివితే, మీరు చూశామనుకున్నదానికీ కెమెరా చూసినదానికీ తేడా ఎక్కడుందో తెలుస్తుంది. ఆ తేడాయే మీకు మంచి టీచర్.

ఇక చరిత్ర కొంచెం. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ 100 ఫోటోల రీలు బిగించిన కోడక్ కెమెరా అమ్మాడు, తీయడం అయ్యాక కెమెరా మొత్తాన్నీ కంపెనీకి పంపిస్తే వాళ్లే కడిగి, కొత్త రీలు వేసి ఇచ్చేవారు. ఫోటో తీయడం మామూలు మనుషుల చేతికి వచ్చింది అలాగే. సినిమా ఫిల్మ్‌నే వాడుకునే చిన్న లైకా కెమెరా 1925లో వచ్చింది. ఇప్పుడు మీరు వాడబోయే 24 మిల్లీమీటర్లకు 36 మిల్లీమీటర్ల ఫ్రేమ్ అప్పుడు స్థిరపడిందే. డిజిటల్ కెమెరాను మొదట తయారుచేసిందీ కోడక్ ఇంజనీరే, 1975లో స్టీవెన్ సాసన్. ఒక్క ఫోటో క్యాసెట్ మీద ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఆ కోడక్ కంపెనీ 2012లో దివాలా పిటిషన్ వేసింది. ఫిల్మ్ పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. కానీ ఆపేసిన ఎక్టాక్రోమ్ ఫిల్మ్ 2018లో మళ్లీ వచ్చింది, 2024లో పెంటాక్స్ కొత్త ఫిల్మ్ కెమెరానే విడుదల చేసింది. అది సగం ఫ్రేమ్ కెమెరా, 36 ఫోటోల రీలులో 72 తీయవచ్చు. ఇదంతా ముసలివాళ్ల కోసం జరగలేదు, మీ వయసువాళ్లు అడిగినందువల్లే జరిగిందని నా నమ్మకం.

మొదలుపెట్టడానికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. 50 ఎంఎం లెన్సున్న పాత మెకానికల్ ఎస్ఎల్ఆర్, అంటే లెన్సులోంచే చూసి తీసే కెమెరా, చాలు. కొనేముందు వేర్వేరు వేగాల దగ్గర షట్టర్ నొక్కి చప్పుడు వినండి, ఒక సెకనుకీ అయిదువందలో వంతుకీ తేడా చెవికే తెలియాలి. లెన్సును వెలుతురుకు ఎత్తి బూజు ఉందేమో చూడండి. వెనక తలుపు చుట్టూ ఉన్న నల్లటి స్పాంజి జిగటగా కారుతుంటే వెలుతురు లోపలికి దూరుతుంది, దాన్ని మార్పించుకోవాలి. లోపల వెలుతురు కొలిచే లైట్ మీటర్ పనిచేయకపోయినా దిగులు వద్దు. కొన్ని పాత కెమెరాల మీటర్లు పాదరసం బ్యాటరీలకు తగ్గట్టు చేసినవి, ఇప్పుడు దొరికే బ్యాటరీ వేస్తే తప్పు కొలత చూపిస్తాయి కూడా. మీ ఫోన్‌లో లైట్ మీటర్ యాప్ పెట్టుకోండి.

యాప్ కూడా లేకుండా కొలిచే పద్ధతి ఒకటి నేర్చుకోండి, నాకు చాలా ఇష్టమైనది. మంచి ఎండలో అపర్చర్ ఎఫ్/16 పెట్టి, షట్టర్ వేగాన్ని ఫిల్మ్ ఐఎస్ఓ అంకెకు, అంటే వెలుతురుకు ఆ ఫిల్మ్ ఎంత చురుగ్గా స్పందిస్తుందో చెప్పే అంకెకు, దగ్గరగా పెట్టాలి. ఐఎస్ఓ 400 ఫిల్మ్ అయితే సెకనులో 500వ వంతు. పల్చటి మబ్బుంటే ఎఫ్/11, ఆకాశమంతా మూసుకుంటే ఎఫ్/8, ఎండ పడని చెట్టు నీడలోనో గోడ నీడలోనో అయితే ఎఫ్/5.6 లేదా ఎఫ్/4. కొన్నాళ్లు ఇలా తీస్తే, బయటికి అడుగు పెట్టగానే వెలుతురు ఎంతుందో కన్ను తనంతట తానే చెబుతుంది. సందేహమొస్తే కలర్ నెగటివ్‌కు వెలుతురు కాస్త ఎక్కువే ఇవ్వండి. ఒక స్టాప్ ఎక్కువై వెలుతురు రెట్టింపు పడినా అది తట్టుకుంటుంది, తక్కువైతే నీడలన్నీ బురద రంగులోకి దిగిపోతాయి. నెగటివ్ కాకుండా నేరుగా అసలు రంగుల బొమ్మే వచ్చే స్లైడ్ ఫిల్మ్‌కు ఇది పనికిరాదు, దానికి కొలత కచ్చితంగా ఉండాలి. అందుకే మొదటి రీలు స్లైడ్ వద్దు.

రీలు ఎక్కించాక ముందుకు జరిపేటప్పుడు వెనక్కి చుట్టే మర కూడా తిరుగుతోందో లేదో చూడండి. తిరగడం లేదంటే ఫిల్మ్ పట్టు జారింది. మీరు 36 సార్లు నొక్కినా ఒక్కటీ రాదు. రీలు అయిపోయాక పూర్తిగా వెనక్కి చుట్టేదాకా తలుపు ముట్టుకోవద్దు. విమాన ప్రయాణంలో రీళ్లను చేతి సంచిలోనే పెట్టుకుని, స్కానర్‌లో వేయకుండా చేత్తో పరీక్షించమని మర్యాదగా అడగండి. కొత్త సీటీ స్కానర్లు ఫిల్మ్‌ను పాడుచేస్తాయి. తీసిన రీలును త్వరగా కడిగించండి. ధ్రువంలో మంచు కాపాడింది కదా అని మన సొరుగు కాపాడదు.

వీలుంటే ఒక్క బ్లాక్ అండ్ వైట్ రీలైనా మీరే కడగండి, పెద్దవాళ్లను పక్కన ఉంచుకుని. కలర్‌కు డెవలపర్ వేడి దాదాపు 38 డిగ్రీల దగ్గర కదలకుండా ఉండాలి, బ్లాక్ అండ్ వైట్‌కు 20 డిగ్రీలు చాలు, కాస్త అటూఇటూ అయినా సమయం సర్దుకోవచ్చు. కష్టమంతా ఫిల్మ్‌ను ట్యాంకులోని చక్రానికి చుట్టడంలోనే ఉంది. అది కటిక చీకట్లో, చేతి స్పర్శతోనే చేయాలి. ఎర్ర దీపం ప్రింటు కాగితానికే, ఫిల్మ్‌కు కాదు. కాబట్టి పనికిరాని రీలు ఒకటి తీసుకుని ముందు పగలు చూస్తూ, తర్వాత కళ్లు మూసుకుని చుట్టి అలవాటు చేసుకోండి. ట్యాంకు మూత పడ్డాక దీపం వేసుకోవచ్చు. డెవలపర్ పోసి, నిమిషానికోసారి ట్యాంకును బోర్లించి లేపుతూ, ఆ ఫిల్మ్‌కు చెప్పినంతసేపు ఉంచాలి. తర్వాత డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్, ఆ తర్వాత ఫిక్సర్, ఆపైన నీళ్లతో బాగా కడగడం. చక్రం నుంచి తడి ఫిల్మ్‌ను విప్పి దీపానికి ఎత్తి చూసినప్పుడు, వరసగా చిన్న చిన్న ఫ్రేములు, వాటిలో తిరగబడిన ముఖాలు! ఎన్నేళ్లయినా ఆ క్షణంలో నా గుండె చప్పుడు నాకు వినిపిస్తుంది.

చేతులకు గ్లవ్స్ వేసుకోండి, కిటికీ తెరిచి ఉంచండి. వాడేసిన ఫిక్సర్‌లో వెండి ఉంటుంది, అది నీళ్లలోని ప్రాణులకు హాని. కాలువలో పోయకుండా సీసాలో పట్టి, తీసుకునే ల్యాబ్‌కు ఇవ్వండి. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మాల నుంచి వస్తుందన్న సంగతి కూడా మీకు తెలియాలి. తెలిశాక వద్దనుకున్నా మీ ఇష్టం, నేను తప్పు పట్టను. ఖర్చు సంగతి కూడా అంతే. ఫిల్మ్ ఖరీదైన సరదాయే. నెలకో రీలు కుదరకపోతే మూడు నెలలకొకటి తీయండి, తొందరేముంది.

ల్యాబ్‌లో ఇస్తే స్కాన్‌లతో సరిపెట్టుకోకండి, నెగటివ్‌లు అడిగి తెచ్చుకోండి. అసలు ఫోటో అదే. యాభై ఏళ్ల తర్వాత ఏ ఫైలు తెరుచుకుంటుందో చెప్పలేం కానీ, నెగటివ్‌ను దీపానికి ఎత్తితే చాలు.

మీ మొదటి రీలు నాకు పంపాలనుకుంటే ప్రింట్లతో పాటు నెగటివ్ పట్టీని కూడా ఒక ఫోటో తీసి పంపండి. స్కాన్ చేసేటప్పుడు మిషన్ తనకు తోచినట్టు వెలుతురు సర్దేస్తుంది కాబట్టి ప్రింటు చూసి లోపం ఎక్కడుందో చెప్పలేను. రీలు మొత్తం ఖాళీగా వచ్చినా పంపండి. అంచుల్లో కంపెనీ పేరు, ఫ్రేమ్ నంబర్లు స్పష్టంగా ఉండి మధ్యలో ఏమీ లేకపోతే కడగడం సరిగానే జరిగింది, కెమెరాలో ఫిల్మ్ జారి ఉంటుంది లేదా షట్టర్ తెరుచుకోలేదు. అంచుల్లో అక్షరాలు కూడా లేకపోతే తప్పు డెవలపర్‌ది. మొత్తం నల్లగా ఉంటే ఎవరో మధ్యలో తలుపు తెరిచారు. ఏది జరిగినా, ఎలా సరిచేసుకోవాలో రాసి పంపుతాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ