మూసీ ఎర్ర గుర్తుల వెనక: లెక్క ఏ ఏడాది నుంచి?

హైదరాబాదులో మూసీని బాగుచేయడానికి ఒడ్డున ఉన్న ఇళ్ళు తీస్తామన్న సర్కారుకూ, కదలమన్న బస్తీలకూ మధ్య గొడవ మళ్ళీ రాజుకుంది. 2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్, శంకర్‌నగర్ చుట్టుపక్కల బస్తీల్లో రెవెన్యూ సిబ్బంది ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని రాసిపోయారు. ఆర్‌బీ అంటే రివర్ బెడ్, ఇల్లు నది గర్భంలో ఉందని గుర్తు. అప్పటినుంచి ఇది నాలుగు రోజులు చల్లబడడం, మళ్ళీ భగ్గుమనడం. కొన్ని కుటుంబాలు మలక్‌పేట పిల్లిగుడిసెల దగ్గరి డబుల్ బెడ్రూం ఇళ్ళకు మారాయి. కొన్ని కదిలేది లేదని కూర్చున్నాయి. 2025 సెప్టెంబరు 26 రాత్రి ఎగువన ఉన్న జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల గేట్లెత్తాక నీళ్ళు ఏకంగా మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చేశాయి. ప్రయాణికులు ప్లాట్‌ఫారాల మీద ఇరుక్కుపోయారు. మర్నాడు పొద్దున్నే రెండు పక్షాలూ అవే నీళ్ళను చూపించి మేం చెప్పిందే నిజమన్నాయి. ఇళ్ళు తీయకపోతే ఇంతే అన్నది సర్కారు. నదిలో బస్‌స్టేషన్ కట్టిందెవరని బస్తీవాళ్ళు అడిగారు.

ఈ తగువులో ప్రతి వాదనా ఏదో ఒక తేదీ దగ్గర మొదలవుతుంది. ప్రభుత్వం 1908 నుంచి మొదలుపెడుతుంది. బస్తీవాళ్ళు తమ మొదటి కరెంటు బిల్లు నుంచి మొదలుపెడతారు. పర్యావరణం మాట్లాడేవాళ్ళకు 1996 ముఖ్యం. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద గురించి ఇక్కడ మళ్ళీ రాయనక్కర్లేదు. పదిహేను వేలమంది పోయారన్న లెక్క, ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య రాక, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో నూటయాభై మందిని కొమ్మల్లో పెట్టుకుని కాపాడిన చింతచెట్టు ప్రతి హైదరాబాదీ విన్నవే. చెట్టు ఇంకా ఉంది. ఏటా ఆ తేదీన దాని కింద కొద్దిమంది చేరి చనిపోయినవాళ్ళను తలుచుకుంటారు. ఆ వరదలో తల్లిని, భార్యను, కూతురిని పోగొట్టుకుని ఒక్కడే మిగిలిన ఉర్దూ రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ కథా తెలిసిందే. ఈ ఊరి సాహిత్యంలో మూసీ అంటే ఆ ఒక్క రాత్రే అయిపోవడానికి కొంత కారణం ఆయన.

నన్నడిగితే మలుపు 1908 కాదు. 1927.

1920లో మూసీ మీద గండిపేట, అంటే ఉస్మాన్‌సాగర్, పూర్తయింది. 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్. వరదకు విశ్వేశ్వరయ్య ఇచ్చిన మందు పనిచేసింది. మరీ బాగా పనిచేసింది. రెండు పాయలనూ ఊరికి ఎగువనే కట్టేశాక, నగరం మధ్యలో ఉన్న నది ఏడాదిలో ఎక్కువ రోజులు నది పని మానేసింది. 1908 నాటి స్థాయి నీళ్ళు మళ్ళీ రాలేదు. వరద చూసినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు, పోయారు. తరవాతి తరం చూసింది ఎండిన ఇసుకనీ, ఒక పక్కగా పారే మురుగు పాయనీ. ఆ మురుగు కూడా ఊరు వదిలిందే. ఉప్పల్ దాటాక పీర్జాదిగూడ వైపు ఆ నీళ్ళతోనే పచ్చగా గడ్డి పెంచి, నగరంలోని గేదెలకు అమ్ముకుని బతికిన కుటుంబాలు ఎన్నో. చాకిరేవులు నడిచాయి. నదికి నీళ్ళు లేని ఆ కాలంలోనే నదితో బతుకులు ముడిపడ్డాయి. దీన్ని ఆక్రమణ అన్న ఒక్క మాటతో చుట్టేయడం తేలిక.

జాగాలోకి ముందు దిగిందెవరో కూడా చూడాలి. 2025లో నీట మునిగిన మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ఉన్నది మూసీ పాయల మధ్య లంకలో. 1990ల్లో ఆర్టీసీ బస్సులన్నీ అక్కడికి చేరాయి. వంతెన దాటితేగానీ బస్సు లోపలికి పోదు, బయటికి రాదు. అది రాష్ట్రంలోనే పెద్ద బస్‌స్టేషన్, కట్టింది ప్రభుత్వం, అనుమతిచ్చింది ప్రభుత్వం. తరవాత పక్కనే మెట్రో జంక్షన్ వచ్చింది. వీటి గోడల మీద ఎవరూ ఎర్ర రంగు పూయలేదు. పూయాలని నేననను. లక్షలమంది వాడుకునేదాన్ని ఎక్కడికి ఎత్తుకుపోతారు? కానీ నది హద్దు విషయంలో ప్రభుత్వమే వెసులుబాటు తీసుకున్న చోట, పక్కనే అరవై గజాల్లో గది వేసుకున్నవాడు అదే ధైర్యంతో వేసుకున్నాడు.

ఆ అరవై గజాల ఇంటికి కాగితాలెలా పుట్టాయో ఈ నగరంలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మొదట తెల్లకాగితం మీద రాత, తరవాత నోటరీ, అమ్మినప్పుడు ఇంకో నోటరీ. ఎన్నికలకు ముందు కరెంటు మీటరు, ఎన్నికల తరవాత నల్లా. మున్సిపాలిటీ ఇంటి నంబరు ఇచ్చి పన్ను కట్టించుకుంది. కొన్నిచోట్ల పట్టాలు, కొన్నిచోట్ల పక్కా రిజిస్ట్రేషన్లూ ఉన్నాయి. బ్యాంకు అప్పుతో కట్టిన డాబాలూ ఉన్నాయి. 2014 డిసెంబరు నాటి జీవో 58 కింద సర్కారు జాగాలో 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధీకరిస్తామని ఊరంతా దరఖాస్తులు తీసుకున్నారు. ఒక్కో కాగితం విడిగా బలహీనమే. కట్టగా చూస్తే మాత్రం, యాభై ఏళ్ళలో ఒక్క ప్రభుత్వశాఖ కూడా ఇది నది అని వాళ్ళతో అనలేదని తేలుతుంది. సర్వే చేసినవాళ్ళు ఈ కట్టలను పక్కనపెట్టి బఫర్ జోన్, అంటే నది పక్కన కట్టడాలు ఉండకూడని మేర, మీటర్లలో కొలిచారు. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల ప్రకారం నగర పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్లు. ఇల్లు 1975లో కట్టినా, 2015లో కట్టినా కొలత ఒకటే.

ఈ తగువులోకి నిజాం కాలాన్ని కూడా లాగుతున్నారు కాబట్టి కొంచెం వెనక్కి పోవాలి. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన మరుసటి ఏడు, 1912లో, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. నది ఒడ్డుల్ని సరిచేయడం, ఇరుకు బస్తీలను తీసేయడం, రోడ్లు వెడల్పు చేయడం దాని పని. హైకోర్టు, ఉస్మానియా ఆస్పత్రి ఒడ్డు మీదికొచ్చి నదికి ముఖం పెట్టుకుని నిలబడింది ఆ ఏళ్ళలోనే. నిజాం కూడా ఇళ్ళు తీయించాడు కదా అని ఇప్పటి ప్రభుత్వంవైపు మాట్లాడేవాళ్ళు అంటారు. నిజమే, తీయించాడు. ఆ బోర్డు తీసేసినవాళ్ళ కోసం నాంపల్లి వంటి చోట్ల అద్దె ఇళ్ళు కూడా కట్టించింది, ఊళ్ళోనే, పనికి నడిచిపోగల దూరంలో. దాన్ని ఎవరూ గుర్తుచేయరు. పైగా ఆ బోర్డు దశాబ్దాలపాటు పనిచేసింది. రాత్రికి రాత్రి రంగు డబ్బాలతో రాలేదు.

విశ్వేశ్వరయ్య లెక్కల్లో ఇంకోటి ఉంది. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులున్నాయని, 1908లో అందులో 221 తెగాయని ఆయన రాశాడు. అంటే ఆ రాత్రి వచ్చింది వాన ఒక్కటే కాదు, తెగిన చెరువులన్నీ కలిసి వచ్చాయి. కాబట్టి మూసీ భద్రత మూసీ ఒడ్డున లేదు, ఎగువన ఉంది. ఆ ఎగువలోని తాగునీటి జలాశయాలు పాడవకూడదనే 1996 మార్చి 8న జీవో 111 తెచ్చారు. జంట జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో, పెద్ద కట్టడాలకు అడ్డు. దాన్ని ఎత్తేయడానికి దారి తీసిన జీవో 69 వచ్చింది 2022 ఏప్రిల్‌లో. అప్పటి అధికార పక్షం బీఆర్‌ఎస్సే ఇప్పుడు బస్తీల్లో కుర్చీలేసుకుని బాధితులను ఓదారుస్తోంది. మూసీ రివర్‌ఫ్రంట్ కార్పొరేషన్ పుట్టింది కూడా వాళ్ళ హయాంలోనే, 2017లో. మధ్యలో బీజేపీ నాయకులు 2024 నవంబరులో బస్తీ ఇళ్ళలో ఒక రాత్రి పడుకుని లేచి వెళ్ళారు. ఎగువన ఫామ్‌హౌస్‌ల సంగతొస్తే అన్ని పార్టీలూ పక్కవాడిమీదికి వేలు చూపించేవే. న్యాయంగా చెప్పాలంటే 2024 ఆగస్టులో, చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా, గండిపేట ఎఫ్‌టీఎల్‌లో, అంటే పూర్తి నీటిమట్టం పరిధిలో, ఉన్న కొన్ని కట్టడాలను కూల్చింది. మూసీ గుర్తులతో తనకు సంబంధం లేదనీ చెప్పింది.

ఇక ‘వందేళ్ళ వరద’ అన్న మాట. పత్రికల్లో ఇది ఎలా వాడుతున్నారంటే, 1908లో వచ్చింది కాబట్టి 2008లో రావాలి, రాలేదు కాబట్టి బతికిపోయాం అన్నట్టు. నీటి ఇంజనీర్ల లెక్కలో వందేళ్ళ వరద అంటే ఏ ఏడాదైనా రావడానికి నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద. నిన్న వచ్చి మళ్ళీ రేపు కూడా రావచ్చు. నది పక్క ఒకే ఇంట్లో ముప్పై ఏళ్ళుంటే కనీసం ఒక్కసారైనా దాన్ని చూసే అవకాశం నూటికి 26. ఇది చిన్న ప్రమాదం కాదు. ప్రభుత్వ వాదనలో గట్టి ముక్క ఇదే. 2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. 2020 అక్టోబరు, 2025 సెప్టెంబరు చూశాం. కదలబోమంటున్నవాళ్ళలో చాలామంది కూడా ఆ రాత్రుళ్ళు పిల్లలనెత్తుకుని మిద్దెలెక్కినవాళ్ళే. వాళ్ళకు ప్రమాదం తెలియదని ఎవరూ అనుకోకూడదు.

కానీ ఈ ప్రమాదంలో జలాశయాల వాటా ఎంత అన్న చర్చ మాత్రం సాగడం లేదు. వరద ఆపడానికి కట్టిన జలాశయం వానాకాలంలో ఖాళీగా ఎదురుచూడాలి. తాగునీటి జలాశయం నిండుగా ఉండాలి. గండిపేట, హిమాయత్‌సాగర్ రెండు పనులకూ కట్టినవి. కాలం గడిచేకొద్దీ తాగునీటి పనే పైచేయి అయింది. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5. మంచి వానలు పడ్డ ఏడాది సెప్టెంబరు చివరికి రెండూ అంచుకొచ్చి ఉంటాయి. పైనుంచి ఇంకో వాన వస్తే గేట్లెత్తడం తప్ప దారి లేదు. కృష్ణా, గోదావరి నీళ్ళు నగరానికి వస్తున్నాయి కాబట్టి వానాకాలంలో వీటిని కొంత ఖాళీగా ఉంచితే ఏమవుతుంది? ఇళ్ళు తీసే ముందు ఈ లెక్క బయటపెట్టమని అడగడం అభివృద్ధికి అడ్డుపడడం ఎలా అవుతుంది?

ప్రభుత్వం చెప్పేదీ చెప్పాలి. దిగువన నల్లగొండ జిల్లా రైతులు దశాబ్దాలుగా ఈ మురుగే పారించుకుంటున్నారు, ఆ నీళ్ళు మార్చాలంటే నగరంలో మొదలుపెట్టాలి. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి 2024 నవంబరు 8న తన పుట్టినరోజున వలిగొండ మండలం సంగెం దగ్గర మూసీ వెంట నడిచింది ఈ మాట చెప్పడానికే. 55 కిలోమీటర్ల పొడవునా నదిని బాగుచేస్తామని, మల్లన్నసాగర్ నుంచి తెచ్చే గోదావరి నీళ్ళలో రెండున్నర టీఎంసీలు మూసీకి ఇస్తామని, ఇల్లు పోయినవాళ్ళకు డబుల్ బెడ్రూం ఇస్తామని చెబుతున్నారు. ఆ సంకల్పాన్ని తప్పుపట్టలేం. 1927లో ఆపిన నీటికి బదులు ఇంకో నది నుంచి నీళ్ళు కొనితెచ్చి పారించాల్సి రావడం మాత్రం విచిత్రమే.

అనుమానం పుట్టేది నమూనాల దగ్గర. మొదట లండన్ థేమ్స్ అన్నారు, తరవాత మంత్రులు సియోల్ వెళ్ళి చంగ్యేచాన్ చూసొచ్చారు. అక్కడ 2000ల మొదట్లో ఫ్లైఓవర్‌ను కూల్చి దాని కిందపడ్డ వాగును బయటికి తీశారు. ఆ వాగులో పారేది చాలావరకు హాన్ నది నుంచి మోటార్లు తోడి పోసే నీరు. అక్కడ కదలాల్సొచ్చినవాళ్ళు ఫ్లైఓవర్ చుట్టూ ఉన్న చిరు వ్యాపారులు. మూసీలో కదలాల్సింది కాపురాలు. ఇలాంటి ప్రాజెక్టుల ఊహాచిత్రాలు ఎక్కడివైనా ఒకేలా ఉంటాయి. ఎప్పుడూ సాయంత్రమే, నీళ్ళు నీలమే, చేతులూపుకుంటూ నడిచే మనుషులే. బట్టలు ఆరేసేవాడు, గడ్డి మోసేవాడు ఉండడు. రాబోయే ఊరి గురించి సర్కారు రాసుకునే కాల్పనిక సాహిత్యం అది. అందులో పాత్రలెవరన్నది రాసేవాడి ఇష్టం.

ప్రస్తుతానికి తేలాల్సినవి రెండున్నాయి. హద్దు గీయడానికి పట్టుకునేది ఏ నీటిమట్టం: 1908దా, 2025దా, జలాశయాల్లో జాగా ఉంచితే రాగలిగేదా? ఒక్కోదానికి పోయే ఇళ్ళ సంఖ్య మారుతుంది. రెండోది, పట్టా, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకు 2013 భూసేకరణ చట్టం కింద పరిహారమా, లేక అందరికీ ఒకటే డబుల్ బెడ్రూమా? రెండు గదుల ఇంట్లో ఇద్దరు అన్నదమ్ముల కాపురాలుంటే ఎన్ని ఇళ్ళిస్తారని శంకర్‌నగర్‌లో మొదటి రోజు నుంచీ అడుగుతున్నారు. దానికి రాతపూర్వకంగా ఒక జవాబు ఇచ్చి, ఆ తరవాత సర్వే మొదలుపెడితే సగం గొడవ అక్కడే తగ్గేది.